కడగ్గానే ముఖం బిగుసుకుపోతోందా?
ముఖం కడిగిన కాసేపటికే చర్మం లాగినట్టు ఉంటే అది బాగా శుభ్రమైందని కాదు, పైపొరలో తేమను పట్టి ఉంచే సెరమైడ్లు, కొలెస్ట్రాల్ లాంటి కొవ్వులు కొన్ని సబ్బుతో పాటే కొట్టుకుపోయాయని. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర, అంటే కాస్త ఆమ్లంగా ఉంటుంది, మామూలు సబ్బుది 9-10, అంటే క్షారం.

రోజూ రాసే మాయిశ్చరైజర్ కూడా చురుక్కుమంటోందంటే స్క్రబ్బులు, రెటినాల్, యాసిడ్ సీరమ్‌లు ఎంత పెట్టి కొన్నవైనా సరే కొన్ని వారాలు పక్కన పెట్టేయండి (డాక్టర్ రాసిచ్చినవైతే అడిగి ఆపండి). మైల్డ్ క్లెన్సర్, గోరువెచ్చని నీళ్లు చాలు. టవల్‌తో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే సువాసన కలపని మాయిశ్చరైజర్ రాయండి, అసలు తేడా అక్కడే తెలుస్తుంది. పగలు సన్‌స్క్రీన్ మాత్రం మానొద్దు. అయినా మంట, ఎరుపు తగ్గకపోతే డెర్మటాలజిస్ట్‌కి చూపించండి.