ఇస్తాంబుల్ నగరాన్ని స్థానిక మిత్రులతో కలిసి, తింటూ తెలుసుకోవడం ఎలా?

ఇస్తాంబుల్‌లో కోటిన్నరకు పైగా జనం ఉన్నారు. వారిలో చాలామంది 1950ల తర్వాత నల్ల సముద్ర తీరం నుంచో, ఆగ్నేయ జిల్లాల నుంచో, అనతోలియా పీఠభూమి నుంచో పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన కుటుంబాలవారే. వచ్చినవారు తమ ఊరి వంటను కూడా వెంట తెచ్చుకోవడం వల్ల, టర్కీ దేశం నలుమూలలా వండుకునేదంతా ఇప్పుడు ఈ ఒక్క నగరంలో దొరుకుతోంది. పాత కట్టడాలున్న పర్యాటక ప్రాంతం సుల్తానహ్మెత్ చుట్టుపక్కలే తిరిగి, అక్కడే కబాబు తిని వచ్చేస్తే ఇదేదీ కనిపించదు. స్థానికంగా ఒక మిత్రుడో మిత్రురాలో ఉన్నవారు అంతకంటే చాలా లోతుకు వెళ్లగలరు. అందుకు కొంత ముందుచూపు కావాలి.

బయలుదేరే ముందు అడగవలసిన ప్రశ్న

"మాకు ఏమేం చూపిస్తారు?" అని అడిగితే, అతిథికి మంచివే చూపించాలన్న ఆరాటంతో మీ మిత్రులు తామెప్పుడూ వెళ్లని ఖరీదైన చోట్లకు తీసుకెళతారు. దానికి బదులు "మీ కుటుంబానిది ఏ ఊరు? ఆ ఊరి వంట తినాలనిపిస్తే ఇక్కడ ఎక్కడికి వెళతారు?" అని అడగండి. ఇస్తాంబుల్‌లో కొత్తగా పరిచయమైనవారిని కూడా సొంత ఊరేదని అడగడం మామూలే కాబట్టి ఎవరూ తప్పుపట్టరు, పైగా ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. నా ఉద్దేశంలో మీ ప్రయాణమంతా ఆ జవాబును బట్టే సాగాలి.

కుటుంబానిది గాజియాన్‌తెప్ అయితే, పిస్తాపప్పు, మీగడ పొదిగి కాల్చే పలుచని కత్మెర్‌ను, ఆ ఊరి పొరల మిఠాయి బక్లావాను, వెల్లుల్లి వేసిన కీమాను పలుచని రొట్టె మీద పరిచి కాల్చే లహ్మజున్‌ను రుచి చూపిస్తారు. 2015లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో వంటల విభాగం కింద చేర్చుకున్న ఊరది. నల్ల సముద్ర తీరంలోని రీజె, త్రాబ్జోన్ వైపువారైతే మొక్కజొన్న పిండి, వెన్న, సాగే చీజ్ కలిపి వండే ముహ్లామా, చలికాలంలో హమ్సి అనే చిన్న చేపల వేపుడు వారికి ప్రాణం. ఆగ్నేయంలోని సీర్త్ వారైతే ఫాతిహ్ ప్రాంతంలోని కాడిన్లార్ పజారి అనే బజారుకు తీసుకెళతారు. అక్కడ గుంత పొయ్యిలో వేలాడదీసి కాల్చిన గొర్రెమాంసం బుర్యాన్, పిండి పొరలో అన్నం, కోడిమాంసం, బాదం కూరి కాల్చే పెర్దె పిలావ్ దొరుకుతాయి. దక్షిణాన ఉన్న హతాయ్ వారైతే వేడి వేడి చీజ్ మీద సన్నని సేమ్యా లాంటి పొరలు వేసి, పాకం పోసి ఇచ్చే కునెఫె తినిపించకుండా మిమ్మల్ని పంపరు.

కట్టడాలు ఒంటరిగా, తిండి జంటగా

మీ మిత్రులకు ఉద్యోగాలుంటాయి. అయా సోఫియా, తోప్‌కాపి రాజభవనం, కప్పుకప్పిన పెద్ద బజారు వంటివాటిని వారు పనిలో ఉన్న రోజుల్లో మీరే చూసుకుని, సాయంత్రాలను, వారాంతాన్ని వారికోసం ఉంచుకోండి. తోప్‌కాపి మంగళవారం, పెద్ద బజారు ఆదివారం మూసి ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. దిగగానే ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డు కొనుక్కోండి. మెట్రో, ట్రామ్, బస్సు, ఫెర్రీ, సముద్రగర్భం గుండా రెండు ఖండాలను కలుపుతూ 2013లో మొదలైన మర్మరాయ్ రైలు, అన్నిటిలోనూ అదే చెల్లుతుంది.

ఒంటరిగా ఉన్న ఆ మధ్యాహ్నాల్లో చిన్న వ్యాపారులు, పనివారు భోంచేసే 'ఎస్నాఫ్ లోకంతాసి' అనే పూటకూళ్లలో తినండి. వండినవన్నీ అద్దాల వెనుక కనిపిస్తుంటాయి కాబట్టి భాష రాకపోయినా వేలుతో చూపిస్తే వడ్డిస్తారు. ఆలస్యమైతే మంచి వంటకాలు అయిపోతాయి, అందువల్ల పన్నెండున్నర లోపే వెళ్లడం మేలు.

ఒక వారాంతపు రోజును ఎలా నడపాలి

ఉదయం ఏమీ తినకుండా బయలుదేరండి. టర్కీలో వారాంతపు ఉపాహారం గంటల తరబడి సాగుతుంది. రకరకాల చీజ్‌లు, ఆలివ్ కాయలు, టమాటా, దోసకాయ ముక్కలు, తేనెతో కైమక్ అనే చిక్కటి మీగడ, పండ్ల జామ్‌లు, టమాటా, మిరపకాయలతో వండిన గుడ్ల మెనెమెన్, నువ్వులద్దిన సిమిట్ రొట్టె బల్లనిండా పరుస్తారు. ఆ బల్ల దగ్గర తొందరపడకూడదు, ఎందుకంటే అక్కడ తిండి ఎంత ముఖ్యమో కబుర్లూ అంతే ముఖ్యం. టీ పాలు లేకుండా, చిన్న గాజు గ్లాసుల్లో వస్తూనే ఉంటుంది. పలుచగా కావాలంటే 'అచిక్' అని, చిక్కగా కావాలంటే 'దెమ్లి' అని చెప్పండి. ఇక చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టండి.

తర్వాత ఐరోపా తీరంలోని ఎమినోనులోనో కారాకోయ్‌లోనో ఫెర్రీ ఎక్కి ఆసియా తీరంలోని కాడికోయ్‌కు వెళ్లండి. దాదాపు ఇరవై నిమిషాల ఆ ప్రయాణం నగరాన్ని చూడటానికి అన్నిటికంటే చక్కని దారి అని గట్టిగా చెప్పగలను. పడవలో అమ్మే టీ తీసుకుని బయటి బల్ల మీద కూర్చోండి. కాడికోయ్ బజారులో చేపల అంగళ్లు, ఊరగాయల దుకాణాలు, కాఫీగింజలు వేయించే చోట్లు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ మీ మిత్రులను ముందు నడవనిచ్చి, వారు ఎక్కడ ఆగుతారో, ఏది కొనే ముందు వాసన చూస్తారో గమనించండి. ఏ చేప ఏ నెలలో తినాలో వారికి బాగా తెలుసు. పెద్ద వలల వేటపై ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా నిషేధం ఉంటుంది. అది ముగిశాక శరత్కాలంలో లుఫెర్, చలి ముదిరాక హమ్సి వస్తాయి.

ప్రతిచోటా కొద్దికొద్దిగా, ఒక పళ్లెం ఇద్దరు ముగ్గురు పంచుకుని తినండి. వీధిలో అన్నం కూరిన ఆల్చిప్పలు తినేటప్పుడు బండివాడు నిమ్మరసం పిండి ఒకటి తర్వాత ఒకటి చేతికిస్తూనే ఉంటాడు, చాలని చెబితేనే ఆపుతాడు. జనం గుమిగూడిన బండి దగ్గరే, అదీ మీ మిత్రులు తాము తినే బండి అయితేనే తినండి. చలికాలమైతే వెఫా అనే పేటలో 1876 నుంచి నడుస్తున్న పాత దుకాణంలో బోజా తాగండి. పులిసిన అంబలిలా చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. దాల్చినచెక్క పొడి, వేయించిన శనగలు పైన చల్లుకుంటారు.

రంజాన్ నెలలో వెళ్తే ఈ వరుసంతా మారుతుంది. పగటి విందులు పక్కన పెట్టి, సూర్యాస్తమయానికి కాస్త ముందు మిత్రులతో కలిసి రొట్టెల దుకాణం దగ్గర వరుసలో నిలబడి వేడి పిదె కొనుక్కుని, ఇఫ్తార్‌కు వారి వెంట వెళ్లండి.

శాకాహారులు జాగ్రత్తపడవలసినవి

ఆలివ్ నూనెలో వండి చల్లారాక వడ్డించే కూరగాయల వంటకాలను 'జేతిన్యాలి' అంటారు. మాంసం లేకుండా కడుపు నింపేవి ప్రధానంగా ఇవే. గోధుమ రవ్వను మసాలాలతో పిసికి చేసి వీధుల్లో అమ్మే చిగ్ కోఫ్తెలో కూడా నేడు మాంసం ఉండదు. అయితే పప్పు సూపును మాంసపు రసంతో, తెల్లని పిలావ్‌ను కోడి రసంతో వండటం మామూలు కాబట్టి, చూసి నిర్ణయించుకోకుండా మీ మిత్రులను వంటవారినే అడగమనండి. మీ నియమం ఏమిటో మొదటి రోజే స్పష్టంగా చెప్పడం మంచిది. మొహమాటపడి ఊరుకుంటే ఆ తర్వాత ఇద్దరికీ ఇబ్బందే.

బిల్లు, ఇంటి పిలుపు

పిలిచినవారే డబ్బు కట్టడం అక్కడి మర్యాద. బల్ల దగ్గర వాదిస్తే మీరు ఓడిపోతారు. అందువల్ల తర్వాతి కాఫీనో మిఠాయినో "ఇది నా వంతు" అని ముందే చెప్పి మీరే పిలవండి. అక్కడి కాఫీలో చక్కెరను కాచేటప్పుడే కలుపుతారు, కనుక ఎంత కావాలో ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి. చక్కెర వద్దంటే 'సాదె', మధ్యస్థంగా కావాలంటే 'ఓర్తా'.

ఇంటికి భోజనానికి పిలిస్తే మరో ఆలోచన లేకుండా వెళ్లండి. ఏ హోటలూ దానికి సాటిరాదు. ఒక పెట్టె బక్లావా పట్టుకెళ్లండి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వారిచ్చే ఇంటి చెప్పులు వేసుకోండి, తిన్నాక వండినవారితో 'ఎలినిజె సాలిక్' అని చెప్పండి. ఆ చేతులు చల్లగా ఉండాలని దీవించినట్టు. భోజనం తర్వాత టీ, దాని వెంట పండ్లు, మళ్లీ టీ వస్తాయి. అవి ముగియకుండా లేస్తే ఇంటివారు నొచ్చుకుంటారు. అందుకే నీటికి అవతలి ఒడ్డున బస చేసినవారు చివరి ఫెర్రీ ఎన్ని గంటలకో భోజనానికి వెళ్లకముందే చూసుకోవాలి.