బి.డి.లో చేరుతున్నారా? ముందు ల్యాప్‌టాప్ కొనండి
బి.డి.లో (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే క్రైస్తవ వేదాంత డిగ్రీలో) చేరబోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ట్యాబ్, ల్యాప్‌టాప్‌లలో ఒక్కటే కొనగలిగితే ల్యాప్‌టాప్ తీసుకోండి. పీడీఎఫ్‌లు చదువుకోవడానికి, స్టైలస్‌తో గీతలు గీసుకోవడానికి ట్యాబ్ హాయిగా ఉంటుంది, నిజమే. అసలు కష్టం అసైన్‌మెంట్ల దగ్గర మొదలవుతుంది. తెలుగు వాక్యం మధ్యలో కుడి నుంచి ఎడమకు నడిచే హీబ్రూ మాట, కింద ఫుట్‌నోట్, పక్క విండోలో బైబిల్ వ్యాఖ్యానం: ఇదంతా ట్యాబ్ తెర మీద చేయాలంటే ప్రాణం విసిగిపోతుంది. విండోస్ సెట్టింగ్స్‌లోనే హీబ్రూ, గ్రీక్ పాలిటోనిక్ (పాత గ్రీకు ఉచ్చారణ గుర్తులతో సహా టైప్ చేసే) కీబోర్డులు ఉంటాయి, ఆన్ చేసుకుంటే చాలు. బైబిల్ భాషల కోసం చేసిన ఎస్‌బీఎల్ హీబ్రూ, ఎస్‌బీఎల్ గ్రీక్ ఫాంట్లు ఉచితం. వాటిలో హీబ్రూ అచ్చుల (స్వరాల) గుర్తులు, గ్రీకు ఉచ్చారణ గుర్తులు చక్కగా కుదురుతాయి. బైబిల్ అధ్యయన సాఫ్ట్‌వేర్ ఈ-సోర్డ్ కూడా విండోస్‌కు ఉచితమే. కొత్తది కొనలేకపోతే 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ సరిపోతుంది. డబ్బులిచ్చే ముందు చార్జర్ తీసేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, కీబోర్డులో అన్ని కీలూ పడుతున్నాయో అక్కడే చూసుకోండి.