మొక్కజొన్న గింజలో పిండం, హరితరేణువు – 3వ పాఠం: కండెను చదవడం

ఒకే పుప్పొడి రేణువు తెచ్చిన రెండు పురుషబీజాలలో ఒకటి స్త్రీబీజకణంతో కలిసి పిండంగాను, రెండవది రెండు కేంద్రకాలున్న మధ్యకణంతో కలిసి త్రయస్థితిక (మూడు క్రోమోసోమ్ సమితులున్న) అంకురచ్ఛదంగాను, అంటే పిండానికి ఆహారం నిల్వ ఉండే భాగంగాను ఎదుగుతాయని గత పాఠంలో చూశాం. ఆత్మపరాగ సంపర్కం జరిపిన కండెలో పిండం చెడిన గింజలను గుర్తించి లెక్కించడం, అవి ఒక్క జన్యువు వల్ల వచ్చాయో లేదో తేల్చడం ఈ పాఠంలో నేర్చుకుంటాం.

కండె మీద గింజలు పిండం ఉన్న ముఖాన్ని కొన వైపుకు తిప్పి ఉంటాయి. అందువల్ల కొన నుంచి ఒలుస్తూ వస్తే ఒక్కో గింజ ముఖాన్ని పరిశీలించవచ్చు. మంచి గింజ ముఖం మీద డాలు ఆకారంలో పాలిపోయిన భాగం నిండుగా కనిపిస్తుంది. పిండం చెడిన గింజలో ఆ భాగం లోపలికి కుంగి, పైపొర ముడతలు పడి ఉంటుంది. మిగిలిన గింజ మాత్రం పిండిపదార్థంతో నిండి, పరిమాణంలోను రంగులోను తోటి గింజలకు దాదాపు తీసిపోదు. గింజ మొత్తం ముడుచుకుపోయి ఉంటే అంకురచ్ఛదం కూడా దెబ్బతిన్నదని అర్థం. అలాంటివి వేరే తరగతికి చెందుతాయి కనుక వాటిని పక్కన పెట్టాలి.

పైచూపుతో తృప్తిపడకూడదని నా గట్టి అభిప్రాయం. అనుమానం ఉన్న గింజలను రాత్రంతా నీటిలో నానబెట్టి, పిండం ఉన్న ముఖం నడిమి గీత వెంట బ్లేడుతో నిలువునా కోయండి. మంచి గింజలో స్కుటెల్లం (డాలు వంటి బీజదళం), దాని ఒడిలో కిరీటం (గింజ పైభాగం) వైపు ప్రథమకాండం, మొన (కండెకు అతికి ఉండే చివర) వైపు ప్రథమమూలం స్పష్టంగా కనిపిస్తాయి. పక్వమైన పిండంలో అయిదారు ఆకుల ఆద్యాలు (తొలి రూపాలు) అప్పటికే ఏర్పడి ఉంటాయి. చెడిన గింజలో ఖాళీ గుంట గాని, రూపం తేలని చిన్న ముద్ద గాని ఉంటుంది. ముద్ద ఉంటే పిండం పుట్టి కూడా తొలి దశలోనే ఆగిపోయిందని చెప్పవచ్చు.

ఉదాహరణకు ఒక కండెలో 400 గింజలు ఉండి, వాటిలో 88 చెడినవి అనుకుందాం. లోపానికి ఒకే అంతర్గత జన్యువు (రెండు ప్రతులూ చెడితేనే లోపం చూపేది) కారణమైతే 300 మంచివి, 100 చెడినవి రావాలి. రెండు వర్గాలలోను తేడా 12. దాని వర్గం 144. దానిని 300తో భాగిస్తే 0.48, 100తో భాగిస్తే 1.44, మొత్తం 1.92. ఈ కై-వర్గ విలువ 3.84 (5 శాతం స్థాయిలో హద్దు) కన్నా తక్కువ కనుక 3:1 నిష్పత్తిని తోసిపుచ్చలేం. ఒకే పని చేసే రెండు జన్యువులు ఉంటే 16లో ఒక వంతు మాత్రమే చెడిపోతుంది. ఏ కండెలోనైనా పిండం లేని గింజలు ఒకటి రెండు దొరకవచ్చు. వాటిని చూసి ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) అనుకోకండి. తరువాత మంచి గింజలను నాటి, మొక్కలన్నిటికీ ఆత్మపరాగ సంపర్కం చేస్తే, సుమారు మూడింట రెండు వంతుల మొక్కల కండెలలో ఇదే లోపం మళ్లీ కనబడాలి.

చెడిన గింజలో పిండానికీ అంకురచ్ఛదానికీ ఒకే లోపభూయిష్ట జన్యువు అందింది; అయినా పిండం ఒక్కటే ఆగిపోయింది. 1991లో జన్యుశాస్త్రవేత్తలు క్లార్క్, షెరిడన్ మ్యుటేటర్ (చోటు మారే డీఎన్ఏ ఖండాలున్న) వంశక్రమాల నుంచి ఇలాంటి 51 ఉత్పరివర్తనాలను వేరు చేసి వివరించారు. ఆ తరువాత ఈ తరగతికి చెందిన జన్యువులను గుర్తిస్తూ పోగా, వాటిలో చాలా వాటి ప్రోటీన్లు హరితరేణువులు చేరిన కణాంగ వర్గమైన ప్లాస్టిడ్‌లోకి వెళ్లి పనిచేస్తాయని తేలింది. 2004లో తేలిన రెండు జన్యువులలో ఒకటి ప్లాస్టిడ్‌లో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లోని ఎస్9 ప్రోటీన్‌ను, మరొకటి ఎల్35 ప్రోటీన్‌ను నిర్దేశిస్తాయి. 2012లో వర్ణించిన పీపీఆర్8522 అనే ప్రోటీన్ లేకపోతే ప్లాస్టిడ్ జన్యువులలో దాదాపు వేటి నుంచీ ఆర్‌ఎన్‌ఏ సరిగా తయారు కాదు. అంటే హరితరేణువుకు సొంత డీఎన్‌ఏ ఉన్నా, దానిని చదివే యంత్రాంగంలో చాలా భాగం కేంద్రకం నుంచి రావలసిందే. అంకురచ్ఛదంలో పిండిపదార్థాన్ని తయారు చేసే ఎంజైములను కేంద్రక జన్యువులే నిర్దేశిస్తాయి కనుక, ప్లాస్టిడ్‌లో ప్రోటీన్ల తయారీ ఆగినా ఆ పని సాగిపోగలదు.

ఇదే ఉత్పరివర్తనం మరో శుద్ధవంశక్రమంలోకి చేరినప్పుడు పిండం బతికి, గింజ మొలకెత్తి, పత్రహరితం లేని తెల్లటి మొలక రావచ్చు. గింజలోని నిల్వలు అయిపోగానే అది చనిపోతుంది. పిండం బతకడానికి కొవ్వు ఆమ్లాలు కావాలి; మొక్కజొన్న వంటి గడ్డిజాతి మొక్కలలో వాటి తయారీని మొదలుపెట్టే ఎంజైమును కేంద్రకమే పంపుతుంది కనుక, రైబోసోమ్‌లు లేని ప్లాస్టిడ్ కూడా ఆ అవసరం తీర్చగలదు. అందుకే చెడినవిగా లెక్కించిన గింజలలో కొన్నిటిని పారవేయకుండా తడి కాగితంపై మొలకెత్తించి, మొలక రంగును తప్పక నమోదు చేయండి.

మీ దగ్గర ఇలాంటి రెండు వంశక్రమాలు ఉంటే, రెండింటి విషమయుగ్మజ (ఒక మంచి, ఒక చెడిన జన్యు ప్రతి ఉన్న) మొక్కలను ఒకదానితో ఒకటి సంకరం చేయండి. వచ్చిన కండెలో నాలుగో వంతు గింజలలో పిండం చెడితే రెండు లోపాలూ ఒకే జన్యువుకు చెందినవి. గింజలన్నీ బాగుంటే వేరువేరు జన్యువులవి. తరువాతి పాఠానికి ఈ లెక్కలను, కోసి చూసిన గింజల చిత్రాలను సిద్ధంగా ఉంచుకోండి. లోపం ఏ క్రోమోసోమ్ భుజం మీద ఉందో వాటి ఆధారంగా వెతుకుదాం.