లేసుకు పట్టిన చుట్ట కంపు వదిలించడం

నరసాపురం, పాలకొల్లు వైపు లేసు ఎక్కువగా ఇళ్లలోనే అల్లుతారు. పక్కనే చుట్ట కాలిస్తే పొగ నూలులోకి దిగుతుంది. సెంటు కొడితే కంపు కాసేపు మరుగున పడుతుందంతే. పొగలోని జిడ్డు పోగుల మధ్యే ఉండి, ముసురు పట్టగానే మళ్లీ బయటపడుతుంది.

ముందు తడి తెల్లగుడ్డతో ఓ మూల అద్ది చూడండి. రంగు అంటితే ఉతకొద్దు, నీడలో గాలికి ఆరేయండి.

రంగు దిగని నూలు లేసునైతే 5 లీటర్ల చన్నీళ్లలో 100 మి.లీ. తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టండి. నికోటిన్‌ది క్షారగుణం, ఆమ్లం తగిలితే నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. నీళ్లు పసుపురంగుకు తిరిగితే పారబోసి మళ్లీ నానబెట్టాలి. తర్వాత జాడించి, గోరువెచ్చని నీళ్లలో చెంచాడు లిక్విడ్ సబ్బు వేసి 20 నిమిషాలు ఉంచి, అరచేతులతో నొక్కుతూ ఉతకండి. మెలిపెట్టి పిండితే అల్లిక సాగిపోతుంది. వెనిగర్‌లోనే వంటసోడా కలపొద్దు, రెండూ ఒకదాన్నొకటి విరిచేస్తాయి.

తాడు మీద వేలాడదీయకుండా తువాలు మీద పరిచి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే వాసన చూడండి. కంపు మిగిలుండగా గంజి, ఇస్త్రీ అసలు వద్దు. వేడికి జిడ్డు పసుపు మరకై నిలిచిపోతుంది.

ఇలాగే కంపు పట్టిన ఉప్పాడ జరీ చీరకు వెనిగర్ తగలనివ్వకండి, జరీ నల్లబడొచ్చు. మూతపెట్టెలో చీర, పక్కన గిన్నెలో వంటసోడా ఉంచి నాలుగు రోజులు వదిలేయండి.