చెస్‌లో పొడవాటి మేట్లు: ముందు ఎదుటివాడి ఎత్తులు లెక్కపెట్టండి

నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. నైట్ డ్యూటీలో గంటగంటకీ రీడింగులు రాశాక మిగిలే టైమంతా చెస్ పజిళ్లదే. మొదట్లో పన్నెండెత్తుల మేట్ (అన్ని ఎత్తుల్లో ఎదుటి రాజుని తప్పించుకోలేకుండా పట్టేయాలి) అని చూస్తే చాలు, చెక్ మీద చెక్ ఇస్తూ పోయేవాణ్ణి. తెల్లారేది గానీ మేట్ అయ్యేది కాదు.

ఇప్పుడు ముందు చూసేది, ఎదుటివాడికి కదపడానికి ఏమున్నాయి అని. బోర్డు మీద పేర్చండి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస): తెల్ల రాజు సీ2, గుర్రం డీ3, నల్ల రాజు ఏ2, బంటు ఏ3. ఎత్తు తెలుపుది. గుర్రంతో బీ4లో చెక్ ఇస్తే రాజు ఏ1 మూలకి పోక తప్పదు. ఇక్కడ మళ్లీ చెక్ కోసం వెతక్కండి. రాజుని సీ1కి జరిపి ఊరుకోండి. నల్ల రాజుకి గడి లేదు, ఉన్న ఒక్క బంటునీ ఏ2కి తోయాల్సిందే. గుర్రం సీ2కి వస్తే మేట్. అదే హెచ్7లో ఇంకో నల్ల బంటుంటే? వాడు దాన్ని కదుపుతాడు, మన పప్పులుడకవు.

పొడవాటివాటిలో ఆ అదనపు ఎత్తులు అరగదీయడమే పని. ఇప్పటి రూపంలోని ట్రాన్స్‌ఫార్మర్ తయారుచేసిన ముగ్గురిలో ఒకరైన హంగరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ 1929లో 290 ఎత్తుల మేట్ కట్టాడు. (మా యార్డులో హమ్ వినిపించినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.) ఇలాంటివాటిలో తెలుపు ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, నలుపు దగ్గరున్న బంటు ఎత్తులు ఒక్కొక్కటే ఖర్చవుతాయి. ఒక చుట్టు కాగితం మీద రాసి, ఎన్ని చుట్లో గుణించుకుంటే సరి.

ఆ తర్వాతే కంప్యూటర్. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజన్‌కి 'గో మేట్ 12' అని కొడితే ఆ లోపు మేట్ కోసం వెతుకుతుంది. కానీ ఇంజన్‌కి ఒక అలవాటుంది: ఎత్తు వేయకుండా వదిలేసినా నలుపు బాగానే ఉంటే, ఆ కొమ్మని నరికేస్తుంది, అంటే ఆ దారి ఇక చూడదు. కదలడమే కొంప ముంచే చోట ఆ లెక్క తప్పి, అసలు దారే పోవచ్చు. అందుకని నేను చివరి నుంచి మొదలుపెడతాను. మేట్‌కి నాలుగెత్తుల ముందు స్థితి ఇచ్చి, అది దొరికాక ఒక్కో ఎత్తే వెనక్కి జరుపుతాను, హ్యాష్ (ఇంజన్ చూసినవి గుర్తుంచుకునే మెమరీ) మాత్రం తుడవను.

రాజులతో కలిపి ఏడు పావులే మిగిలితే సిజిజీ టేబుల్‌బేస్ (ముందే లెక్కగట్టి పెట్టిన ముగింపుల పట్టిక) చాలు. అయితే అది చూపే అంకె మేట్‌కి దూరం కాదు, పావు చంపడానికో బంటు కదలడానికో ఉన్న దూరం. దీంతో నేనోసారి వారం రోజులు తల పట్టుకున్నా.

చివరగా ఇంజన్‌లో మల్టీపీవీ 2 పెట్టండి, అంటే అది మంచి దారులు రెండు చూపిస్తుంది. మొదటి ఎత్తుకి రెండో దారిలోనూ అన్నే ఎత్తుల్లో మేట్ వస్తే పజిల్ తప్పయినా అయ్యుండాలి, లేదా మీరు పేర్చడం తప్పయినా. నా విషయంలో చాలాసార్లు ఒక బంటు పక్క గడిలో ఉంటుంది.