మోడల్ రైలు ఆగి ఆగి నడుస్తోందా? ముందు చక్రాలు చూడండి, ఆ తరువాతే పట్టాలు

నల్లగొండ వంటి ఊళ్లో మోడల్ రైలు పెట్టుకున్నవారికి దుమ్ముతో పోరాటం తప్పదు. ఎండాకాలంలో కిటికీ తెరిస్తే రోడ్డు దుమ్ము, మూస్తే ఉక్కపోత. మిర్యాలగూడ వైపు ఉండేవారికి రైస్ మిల్లుల ఊక ధూళి అదనం. దీనికి వంటింట్లో పోపు వేసినప్పుడు లేచే నూనె ఆవిరి, దేవుడి మూల నుంచి వచ్చే అగరబత్తి పొగ, తలకు నూనె పెట్టుకున్న చేత్తోనే పట్టాలను ముట్టుకునే మన అలవాటు తోడై పట్టాల మీద పలుచని జిడ్డు పొర ఏర్పడుతుంది. సాధారణ డీసీ పద్ధతిలో ఇంజనుకు అందే 12 వోల్టుల కరెంటు పట్టా నుంచి చక్రానికి, చక్రం నుంచి మోటారుకు చేరాలి కనుక ఆ పొర అడ్డుపడిన చోట ఇంజను ఆగిపోతుంది, వేలితో కొద్దిగా తోస్తే మళ్లీ కదులుతుంది.

అప్పుడు అందరం చేసే పని పట్టాలు తుడవడమే. నేను కూడా ప్రతి ఆదివారం పట్టాలు తుడిచి, మళ్లీ ఆదివారానికి అవి నల్లబడితే ఊరి దుమ్మును తిట్టుకునేవాణ్ణి. ఒకరోజు పెట్టెలను కలిపే కొక్కెం, అంటే కప్లర్, సరిచేయడానికి ఒక వ్యాగన్‌ను తిరగేసి చూస్తే, దాని ప్లాస్టిక్ చక్రాల చుట్టూ ఎండిన తారులాంటి నల్లటి పట్టీ పేరుకుని ఉంది. గోటితో గీకితే పెచ్చుగా ఊడి వచ్చింది. ఒక్కో వ్యాగన్‌కు ఎనిమిది చక్రాల చొప్పున పది వ్యాగన్లంటే ఎనభై చక్రాలు ఆ మురికిని పట్టా అంతటా పూస్తూ తిరుగుతున్నాయన్నమాట. అందుకే ఈ పనిని చక్రాలతోనే మొదలుపెట్టమంటాను.

చక్రాలు మార్చడం

ముందుగా ఒక చిన్న వివరణ. మనం బోగీ అన్నప్పుడు రైలు పెట్టెను మొత్తంగా అంటాం. ఈ రంగంలో మాత్రం పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాన్ని బోగీ అంటారు. మోడల్ బోగీలో ఇరుసు రెండు కొనలూ సూది మొనల్లా ఉండి, చట్రానికి రెండు పక్కలా ఉన్న చిన్న గుంటల్లో తిరుగుతాయి. పెట్టెను మెత్తని గుడ్డ మీద తిరగేసి, చట్రాన్ని వేళ్లతో కొద్దిగా విడదీస్తే పాత ఇరుసు బయటికి వస్తుంది.

మురికి పేరుకునే ఆ ప్లాస్టిక్ చక్రాల స్థానంలో కొత్త లోహపు చక్రాలను తెప్పించుకునే ముందు పాత ఇరుసు పొడవును మొన నుంచి మొన వరకు వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ నమూనాల్లో అది 25 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది; అర మిల్లీమీటరు ఎక్కువైతే చట్రం బిగుసుకుని చక్రం తిరగదు, తక్కువైతే ఇరుసు వదులై ఊగుతుంది. చక్రం వ్యాసం కూడా చూసుకోవాలి. మన ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెల కొత్త చక్రం వ్యాసం 915 మి.మీ. కాబట్టి హెచ్‌ఓలో అది 10.5 మి.మీ. అవుతుంది. అంతకన్నా పెద్ద చక్రం వేస్తే పెట్టె పైకి లేచి కప్లర్లు ఒకదానికొకటి అందవు.

చక్రాలు చేతికి వచ్చాక రెండు పరీక్షలు చేయాలి. మల్టీమీటరును కంటిన్యుటీలో, అంటే కరెంటుకు దారి ఉంటే శబ్దం చేసే అమరికలో, పెట్టి ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ తాకిస్తే శబ్దం రాకూడదు. వస్తే ఆ ఇరుసు పట్టాలను షార్టు చేస్తుంది. మీటరు లేనివారికి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో చౌకలోనే దొరుకుతుంది. రెండోది, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 నుంచి 14.5 మి.మీ. ఉండాలి. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అయినా, పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారి నుంచి మరో దారికి మళ్లే చోట, రైలు పట్టా తప్పడానికి ఎక్కువగా కారణమయ్యేది ఈ లోపలి దూరమే. తేడా ఉంటే చక్రాన్ని మెల్లగా మెలితిప్పుతూ ఇరుసు మీద జరపాలి, సుత్తి వాడకూడదు.

ఇరుసు గుంటల్లోని జుట్టూ, దారప్పోగులూ సూదితో తీసి, నూనెకు బదులు కొద్దిగా గ్రాఫైట్ పొడి వేయాలి. నూనె వేస్తే అది దుమ్మును పట్టుకుని మళ్లీ మనకే పని పెడుతుంది. బోగీని బిగించాక పెట్టెను నున్నని బల్ల మీద ఉంచి ఊదితే అది ముందుకు దొర్లాలి.

ఇదే ఊపులో బరువు కూడా చూసుకోవడం మంచిది. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓ పెట్టెలకు సిఫారసు చేసే లెక్క ఒక ఔన్సుకు తోడు పెట్టె పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు, అంటే 20 సెం.మీ. పెట్టెకు సుమారు 140 గ్రాములు. తక్కువైతే పెట్టె నేల మీద ఇనుప వాషర్లు అతికించాలి. తూకానికి నేను మా వీధిలోని కంసాలి దగ్గరికి వెళ్తాను. రైలు పెట్టెను కాటాలో పెట్టినప్పుడల్లా ఆయన నవ్వుతాడు కానీ కాదనడు.

ఇంజను చక్రాలు

పట్టాకు అడ్డంగా ఒక టిష్యూ కాగితం పరిచి, దాన్ని మినరల్ టర్పెంటైన్‌తో కొద్దిగా తడపాలి. ఇంజను ముందు బోగీని కాగితం మీదా, వెనుక బోగీని పట్టా మీదా ఉంచి, కదలకుండా పట్టుకుని కరెంటు ఇస్తే ముందు చక్రాలు కాగితం మీద తిరిగి నల్లటి గీతలు వదులుతాయి. గీతలు రాకపోయే వరకు కాగితాన్ని మారుస్తూ, ఆ తరువాత ఇంజనును తిప్పి రెండో వైపు కూడా చేయాలి. కొన్ని ఇంజన్ల చక్రాలకు పట్టు కోసం రబ్బరు పట్టీ ఉంటుంది. ద్రావకం తగిలితే రబ్బరు ఉబ్బుతుంది కనుక అటువంటి చక్రాలను పొడి గుడ్డతో మాత్రమే తుడవాలి.

పట్టాలు

చక్రాల పని పూర్తయ్యాక, కరెంటు ఆపి, మెత్తని కుంచెతో దుమ్మునంతా ఊడ్చాలి. దుమ్ము మీదనే ద్రావకం వేస్తే బురదవుతుంది.

ద్రావకం విషయంలో అభిప్రాయభేదాలున్నాయి. మొబైల్ రిపేరు దుకాణాల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డును త్వరగా వదిలిస్తుంది, త్వరగా ఆరిపోతుంది. అయితే అది ధ్రువ ద్రావకం, అంటే అణువులో ఒక కొన కొద్దిగా ధనావేశంతో, మరో కొన రుణావేశంతో ఉండే రకం; అటువంటివి వాడితే పట్టా త్వరగా నల్లబడుతుందని కొందరంటారు. పెయింట్ల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్ అధ్రువ ద్రావకం, అంటే అలా ఆవేశం విడిపోని రకం. ఆల్కహాల్‌తో తుడిచిన పట్టాల కన్నా టర్పెంటైన్‌తో తుడిచినవి నా దగ్గర ఎక్కువ కాలం శుభ్రంగా ఉన్నాయి కాబట్టి నేను దానికే ఓటు వేస్తాను. రెండూ మండే ద్రవాలే కనుక కిటికీలు తెరిచి, దీపం, అగరబత్తి ఆర్పి పని చేయాలి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ జోలికి మాత్రం వెళ్లవద్దు, పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి.

అగ్గిపెట్టెంత చెక్క ముక్కకు పాత పంచె గుడ్డ చుట్టి, కొద్దిగా తడిపి, పట్టా పైభాగం మీద పొడవునా నడపాలి. గుడ్డకు నలుపు అంటకపోయే వరకు ముక్క మార్చుతూ తుడిచి, చివర పొడి గుడ్డతో ముగించాలి. గరుకు కాగితం వాడాలనే ఆశ అందరికీ కలుగుతుంది, నాకూ కలిగింది: అద్దంలా మెరిసిన పట్టా నెల తిరగకముందే మునుపటి కన్నా నల్లబడింది, ఎందుకంటే ఆ సన్నని గీతలన్నీ మురికికి గూళ్లయ్యాయి. ఉక్కు పీచు ఇంకా ప్రమాదం. దాని పోగులను మోటారులోని అయస్కాంతం లోపలికి లాక్కుంటుంది.

పాయింట్ల దగ్గర తొందరపడకూడదు. కదిలే సన్నని పట్టా ముక్క, అంటే నాలుక, పక్క పట్టాకు ఆనుకునే చోటు నుంచే చాలా పాయింట్లలో కరెంటు ముందుకు పోతుంది కనుక ఆ రెండు ముఖాలనూ కాగితం ముక్కతో తుడవాలి. చక్రపు అంచు దూరే సన్నని సందుల్లోని మురికిని తీయడానికి చీపురు పుల్లను మించిన పనిముట్టు నాకు దొరకలేదు.

ఇంత చేసినా పట్టాలకు కరెంటు ఇచ్చే కంట్రోలరుకు దూరమయ్యే కొద్దీ రైలు మందగిస్తుంటే, అది మురికి కాదు. పట్టాలను కలిపే జాయినర్లు వదులై కరెంటు తగ్గుతోందని అర్థం. ప్రతి మీటరు పొడవుకు ఒక చోట కంట్రోలరు నుంచి వచ్చే వైరును పట్టాకు కింది నుంచి టంకం పెడితే సరిపోతుంది.

వాడనప్పుడు పట్టాల మీద పాలియెస్టర్ చీర కప్పితే మంచిది, నూలు చీర అయితే పోగులు రాలుతాయి. మళ్లీ నడిపేటప్పుడు ఇంజనును ఒంటరిగా, కదిలీ కదలనంత నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఆ చోట పట్టాను తుడవాలి. ఒక్కో చుట్టులో ఒక్కో చోట ఆగితే పట్టాలను వదిలేసి ఇంజనును తిరగేయాలి.