ఒక్క పరమాణువు స్పిన్‌ను కాంతితో చదవడం, మలచడం – ఆరవ పాఠం: ఆరు గీతలు, ఒక్క మాంగనీస్

గత పాఠం చివర ఇచ్చిన వర్ణపటాన్ని చదివి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుండి పాఠకులు పంపిన జవాబులలో సగానికి పైగా ఒకే చోట తప్పాయి. కాడ్మియం టెల్యురైడ్ క్వాంటం డాట్ (కొన్ని నానోమీటర్ల అతిచిన్న అర్ధవాహక స్ఫటికం) నుండి వెలువడిన కాంతిలో ఆరు గీతలు కనబడేసరికి, లోపల ఆరు మాంగనీస్ పరమాణువులు ఉన్నాయని చాలామంది రాశారు. ఈ వారం లేజరుతో స్పిన్‌ను, అంటే పరమాణువును చిన్న అయస్కాంతంలా చేసే గుణాన్ని, మలచే పద్ధతి చెప్పవలసి ఉన్నా, ముందు ఈ ముడి విప్పక తప్పదు. లోపల ఉన్నది ఒక్క మాంగనీసే; దాని స్పిన్ 5/2 కనుక అది +5/2 నుండి −5/2 వరకు ఆరు స్థితులలో దేనిలోనైనా ఉండగలదు. స్థితులు ఆరు ఎందుకవుతాయో మూడవ పాఠంలోనే చూశాము కనుక దానిని మళ్ళీ ఎత్తుకోను.

డాట్‌లో పుట్టిన ఎక్సిటాన్, అంటే ఎలక్ట్రాను–హోలు (ఎలక్ట్రాను వదిలిన ఖాళీ) జంట, సుమారు పావు నానోసెకను పాటు ఉండి ఒక ఫోటానుగా వెలువడుతుంది. ఆ కొద్దిసేపట్లోనే హోలు స్పిన్, మాంగనీస్ స్పిన్ ఒకదానిపై ఒకటి ప్రభావం చూపుతాయి. రెండూ ఎదురెదురు దిశలలో ఉంటే జంట శక్తి తగ్గుతుంది, ఒకే దిశలో ఉంటే పెరుగుతుంది. కనుక మాంగనీస్ స్థితిని బట్టి ఫోటాను శక్తి, అంటే వర్ణపటంలో దాని గీత, మారుతుంది. ఏ ఫోటానైనా చెప్పేది ఒక్కటే: తాను వెలువడిన క్షణంలో మాంగనీస్ ఏ స్థితిలో ఉందన్నది.

పర్లాకిమిడి స్టేషనులో ఆరు కుర్చీల బెంచీ ఎదుట కెమెరాను స్టాండుపై నిలిపి, షట్టరును గంటసేపు తెరిచి ఉంచామనుకోండి. బండి కోసం ఎదురుచూస్తున్న ఒక్క మనిషి ఒక కుర్చీలో కాసేపు, మరొక కుర్చీలో కాసేపు కూర్చుంటే ఫోటోలో ఆరు మసక ఆకారాలు పడతాయి. ఎక్కువసేపు కూర్చున్న కుర్చీలోని ఆకారం ముదురుగా ఉంటుంది. మన వర్ణపటం అటువంటి ఫోటోయే. డిటెక్టరు సెకన్ల పాటు ఫోటానులను పోగుచేస్తుంది, ఈలోగా మాంగనీస్ లెక్కలేనన్నిసార్లు స్థితి మారుతుంది. గీత ప్రకాశం, మాంగనీస్ ఆ స్థితిలో గడిపిన కాలానికి కొలమానం.

ఇది ఉపమానంతో సరిపెట్టుకునే విషయం కాదు. 2004లో ఈ ఆరు గీతలను చూపిన గ్రెనోబుల్ పరిశోధకులే, లూసియన్ బెసోంబ్ బృందం, తరువాత ఒకే గీత నుండి వచ్చే ఫోటానుల మధ్య కాలవ్యవధులను కొలిచారు. ఒక గీతలో ఫోటాను వచ్చిన తరువాత పదుల నానోసెకన్ల వరకు అదే గీతలో మరొకటి వచ్చే అవకాశం సగటు కన్నా ఎక్కువగా ఉంది, ఎందుకంటే మాంగనీస్ ఇంకా అదే స్థితిలో ఉంది. అదే వ్యవధిలో ఎదురు స్థితికి చెందిన గీతలో వచ్చే అవకాశం తక్కువగా ఉంది. ఆరు గీతలూ ఆరు వేర్వేరు పరమాణువులవైతే ఒక గీతకు మరొక గీత సంగతి తెలిసే వీలే లేదు. ఈ ఒక్క కొలతను అర్థం చేసుకున్నవారు ఇక ఎన్నడూ ఆరు పరమాణువులని రాయరు.

రెండవ పొరపాటు చిన్నది. ధ్రువణాన్ని (కాంతి తరంగం కంపించే తీరును; వృత్త ధ్రువణంలో అది కుడికో ఎడమకో తిరుగుతుంది) వడకట్టకుండా చూస్తే ప్రతి గీతలోనూ రెండు స్థితులు కలిసిపోతాయి: కుడి వృత్త ధ్రువణంలో +5/2 ఎక్కడ పడుతుందో, ఎడమ వృత్త ధ్రువణంలో −5/2 అక్కడే పడుతుంది. నేను ఎప్పుడూ ముందు ఒక ధ్రువణానికి గీసి, దాని కిందనే రెండవదాన్ని తలకిందులుగా గీస్తాను. శక్తిని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులలోనే రాస్తాను, గీతల మధ్య దూరాన్ని అందులో నేరుగా చదువుకోవచ్చు.

ఇక మలచడం. ఐదు కెల్విన్ల దగ్గర ఉంచిన డాట్‌పై, వృత్త ధ్రువణం గల లేజరును ఒక గీతకు సరిగ్గా శృతి చేయండి. మాంగనీస్ ఆ స్థితిలో ఉన్నప్పుడే కాంతి శోషణ జరిగి ఎక్సిటాన్ పుడుతుంది. ఎక్సిటాన్ ఉన్నంతసేపట్లో మాంగనీస్ స్పిన్ దారి తప్పి మరొక స్థితికి పోవచ్చు. పోయిందంటే లేజరు దానిని ఇక తాకలేదు. ఇలా పదే పదే జరగగా, శృతి చేసిన స్థితి పదుల నానోసెకన్లలో చాలావరకు ఖాళీ అవుతుంది, వెలుగు తగ్గడమే దానికి గుర్తు. లేజరు ఆపితే, సాధించిన ఆ అమరిక చీకటిలో మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది. డాట్‌లోని స్ఫటిక ఒత్తిడి స్థితుల శక్తులను కొద్దికొద్దిగా విడదీయడమే ఇందుకు కారణం.

అభ్యాసం. కేంద్ర శక్తి 2000 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, పక్కపక్క గీతల మధ్య దూరం 0.2 అనుకొని రెండు ధ్రువణాలకూ ఆరేసి గీతలను గళ్ళ కాగితంపై గీయండి. మొత్తం వెడల్పు నానోమీటర్లలో ఎంతో లెక్కగట్టండి, 0.31 రావాలి. తరువాత మాంగనీస్ స్థానంలో స్పిన్ 3/2 గల కోబాల్టును పెట్టి గీయండి. చివరగా స్పిన్ 2 గల క్రోమియంకు ఐదు గీతలు రావలసి ఉండగా చల్లని డాట్‌లో ప్రధానంగా మూడే కనబడతాయి. ఒత్తిడి వల్ల +2, −2 స్థితుల శక్తి చాలా పెరుగుతుందన్న ఆధారంతో, ఐదు కెల్విన్ల ఉష్ణశక్తి 0.43 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని తీసుకొని, ఆ రెండూ ఎందుకు కనబడవో మీ మాటల్లో ఒక పుట రాయండి.